కిటికీ పక్క చోటు

ఇవాళ పొద్దున నేను ఒక పిల్ల కూర్చునే చోట కూర్చున్నాను. అది ఆమె చోటని నాకు తెలియదు. తెలుసుకోవాలని అనిపించనూ లేదు. నా తప్పు అక్కడే మొదలైంది.

నేను హైస్కూళ్ళలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. మెదక్‌లో ఒక బి.ఎడ్. కళాశాల వాళ్ళు పిలిస్తే, శిక్షణలో ఉన్న పిల్లలు బళ్ళకు పోయి చెప్పే పాఠాలు చూసి మార్కులు వేసి వస్తుంటాను. ఈ ఏడు చదువు ముగించి వెళ్ళే పిల్లల సంచికకు నా ఉద్యోగ అనుభవాలు రాసివ్వమని అడిగారు. వారం కింద మొదలుపెట్టి కొన్ని పేజీలు రాశాను. ఎక్కడెక్కడ పనిచేసింది, ఎవరెవరు మెచ్చుకున్నది, అన్నీ ఉన్నాయి వాటిలో. ఇవాళ మధ్యాహ్నం ఇంటికొచ్చి వాటిని పక్కన పెట్టేశాను. మీరు కొత్తగా ఈ పనిలోకి వస్తున్నారు. నాకు దండలు పడిన సంగతి మీకెందుకు? ఇవాళ జరిగింది చెబుతాను, బడిపిల్లల పేర్లు మాత్రం మార్చి.

ధ్వని పాఠం

పాఠం చెప్పాల్సిన అమ్మాయి పేరు షబానా. వాళ్ళ నాన్నది ఊళ్ళోనే బట్టలు కుట్టే దుకాణం. చాలా వారాలుగా ఒకే బడిలో ఎనిమిదో తరగతికి సైన్సు చెబుతోంది. పరీక్ష పాఠాలు రెండుంటాయి. ఇవాళ్టిది మొదటిది.

పాఠం చూడడానికి ఎవరైనా వస్తున్నారంటే మన బళ్ళలో ఒక మర్యాద ఉంది. ముందు వరసలో, కిటికీ పక్కన, ఫ్యాను గాలి తగిలేచోట ఒక కుర్చీ వేస్తారు. అక్కడున్న బెంచీని వెనక్కి జరుపుతారు. దాని మీది పిల్లలు ఎక్కడ సందుంటే అక్కడ ఇరుక్కుంటారు. నా కొలువంతా నేను ఈ మర్యాద చేశాను. ఇప్పుడు చేయించుకుంటున్నాను.

"సార్, గిటు రాండ్రి. గీ కుర్చీల కూసోండ్రి, గాలి మంచిగ వస్తది" అన్నాడు హెడ్మాస్టర్. కూర్చున్నాను.

షబానా లోపలికి వచ్చి నన్ను చూసి ఆగిపోయింది. తర్వాత వెనక బెంచీల వైపు చూసింది. భయపడుతోందని అనుకున్నాను.

గోడకు పెద్ద డిజిటల్ ప్యానెల్ ఉంది. దాన్ని ఆన్ చేయలేదు. పిల్లల వైపు ముఖం పెట్టి, మాటకూ మాటకూ మధ్య ఆగి, నెమ్మదిగా చెబుతోంది. బోర్డు మీద రాసేటప్పుడు ఏమీ మాట్లాడటం లేదు. రాయడం అయ్యాక మా వైపు తిరిగి అప్పుడు నోరు విప్పుతోంది. నాకు విసుగు పుట్టింది. 'వేగం లేదు' అని రాసుకున్నాను. కొంతసేపటికి నడుచుకుంటూ వెనక బెంచీల దాకా పోయి అక్కడే నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. ముందు వరస పిల్లలు మెడలు తిప్పి చూస్తున్నారు. 'ముందు కూర్చున్న వాళ్ళకు వీపు పెడుతోంది' అని రాసుకున్నాను. స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి, శృతిదండాన్ని కొట్టి దాని మొనలు నీళ్ళకు తాకించింది. నీళ్ళు చిమ్మాయి. ఆ గిన్నెనూ వెనక బెంచీకే పట్టుకుపోయింది.

ఇక ఉండబట్టలేక మధ్యలోనే అందుకున్నాను.

"ఏమ్మా, గోడకు గంత పెద్ద ప్యానెల్ ఉంచుకొని గిన్నెలు, నీళ్ళేంది? ధ్వని మీద మస్తు వీడియోలుంటయి. ఒకటి పెట్టు. అరే, జర కిటికీలు మూయుండ్రిరా, ఎండ పడుతుంది."

వీడియో అనగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. మగపిల్లలు పోటీపడి కిటికీలన్నీ మూశారు. గది చీకటైంది.

"సార్, వీడియో కూడ ఉంది సార్. ఆఖర్ల పెడ్త. సౌండ్ బంద్ చేసి నేనే..." అంది షబానా.

"సౌండ్ పాఠానికి సౌండ్ బందా?" అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. నా మాటకు నేనూ నవ్వాను. షబానా నవ్వలేదు. వీడియో పెట్టింది. ముఖం లేని ఒక గొంతు గంట కొట్టేదాకా మాట్లాడింది.

వ్యాఖ్యలు ఏమైనా ఉంటే పాఠం అయ్యాక, పక్కకు పిలిచి చెప్పాలి. ఆ నియమం మీకు చెప్పేది నేనే. ఇవాళ పిల్లల ముందే చెప్పాను. "సాధనం చేతుల ఉండంగ వాడకపోవుడు బద్ధకమమ్మా" అన్నాను. గుమ్మంలో నిలబడ్డ హెడ్మాస్టర్ అది విని లోపలికి వచ్చాడు.

"ఇన్నరారా? రేపటిసంది సైన్సు పాఠాలన్ని స్క్రీన్ మీదనే. పెద్దసారు చెప్పిండు."

నాకు సంతోషంగానే అనిపించింది. గేటు దాకా పోయాక కళ్ళద్దాల డబ్బా మరిచిపోయానని గుర్తొచ్చి తిరిగి వెళ్ళాను. అన్నం గంట కొట్టారు. తరగతి గదిలో ముగ్గురు ఆడపిల్లలున్నారు. ఇద్దరు నా కుర్చీ పక్కకు లాగి, ఆ చోటుకు ఒక బెంచీ ఈడ్చుకొస్తున్నారు. మూడో పిల్ల పుస్తకాల సంచి పట్టుకొని నిలబడి ఉంది.

"ఏం చేస్తుండ్రమ్మా?" అన్నాను.

"లావణ్య బెంచీ సార్" అంది వాళ్ళలో పొడుగు పిల్ల, క్లాసు లీడరు శ్రావణి. "మీరు కూసుంటరని పొద్దున ఎన్కకు జరిపినం."

"గీ బెంచీయే ఎందుకు?"

"గీడికెల్లయితెనే టీచర్ మొఖం మంచిగ కనిపిస్తది సార్. లావణ్యకు చెవి మిషన్ ఉంది గని సగమే ఇనొస్తది. పెదాలు జూసి సమజ్ చేసుకుంటది. షబానా టీచర్ వచ్చినంకనే గీడ కూసోబెట్టిండ్రు."

రెండో పిల్ల నవ్వుతూ అందుకుంది: "ఇయ్యాల చీకట్ల లావణ్య మంచిగ పండుకుంది సార్!"

సంచి పట్టుకున్న పిల్ల మా ముఖాలు చూస్తూ ఉంది. తన గురించే మాట్లాడుతున్నామని తెలిసిపోయింది. జడ ముందుకు లాక్కొని చెవి కప్పుకుంది.

షబానా స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా ముందు పెట్టుకొని కూర్చుంది. మూత తీయలేదు.

"ముందే నాకు చెప్పొచ్చు గదమ్మా" అన్నాను.

"ఎప్పుడు చెప్పాలె సార్? మీరు వచ్చేసరికే కుర్చీ ఏసిండ్రు."

"పాఠం నడిమిట్ల నేను అడిగినప్పుడు?"

"అందరి ముంగట ఆ పిల్ల పేరు పట్టి చెప్పాల్నా సార్? నేనొచ్చిన కొత్తల్ల ఆమెను మిషన్ అని పిలిచెటోళ్ళు. ఆ పేరు మాన్పిచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది." ఆగి, డబ్బా మూత మీద వేలితో రాస్తూ అంది: "మార్కులు పోతె పోనియ్యుండ్రి సార్. రేపటిసంది కిటికీలు మూస్తరంట. గదొక్కటి జర ఆపగలుగుతరా?"

ఆమె అన్ని వారాలు నిలబెట్టుకున్నదాన్ని నేను ఒక్క పీరియడ్‌లో ఊడబీకాను. పైగా ఇప్పుడది నా పేరు మీద ఆర్డరైంది.

కంప్యూటర్ సార్

చెడు ఉద్దేశంతో చేయలేదని చెప్పుకోవచ్చు. నిజమే. కానీ ఆ మాట ఆ పిల్లకు ఎందుకూ పనికిరాదు. ఎందుకలా చేశానన్నది మాత్రం మీకు పనికొస్తుంది.

రేగోడ్‌లో పనిచేస్తున్నప్పుడు మా బడికి మొదటిసారి కంప్యూటర్లు వచ్చాయి. అప్పటి మా హెడ్మాస్టర్ వాటికి పసుపు కుంకుమ పెట్టించాడు, కొబ్బరికాయ కొట్టించాడు, దుప్పట్లు కప్పించాడు, గదికి తాళం వేసి చెవి తన మొలతాడుకు కట్టుకున్నాడు. ఎవరైనా తనిఖీకి వస్తే తెరిచేవాళ్ళం. పిల్లలు చెప్పులు బయట విడిచి కిటికీలోంచి చూసేవాళ్ళు. "పోరగాళ్ళు ముట్టుకుంటె ఖరాబైతయి. ఎవడు జవాబు చెప్పాలె, నువ్వా?" అనేవాడు. ఆయనతో నెలల తరబడి పోట్లాడాను. పైవాళ్ళ దాకా పోయాను. చివరికి తాళం తీయించాను. మొదటి రోజు ఒక పిల్లవాడు మౌస్ కదిపి, తెర మీద బాణం కదలడం చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

ఆ పోట్లాట మంచిదే. మళ్ళీ అయినా పోట్లాడతాను. తర్వాత జరిగిందే చెడ్డది. తోటి టీచర్లు నన్ను 'కంప్యూటర్ సార్' అని పిలవడం మొదలుపెట్టారు. పిల్లలు మాత్రం, నాది గుబురు మీసం గనుక, 'మీసాల సార్' అనేవాళ్ళు. నాకు మొదటి పేరే నచ్చింది. అది తలకెక్కింది. అప్పటి నుంచి బడిలో ఏ యంత్రం ఆపి ఉన్నా నాకు రేగోడ్ తాళమే కనబడుతుంది. ఆపినవాళ్ళు ఆ హెడ్మాస్టర్‌లా కనబడతారు. ఎందుకు ఆపారని అడగను. ఇవాళ షబానాను అడగలేదు.

మీలోనూ కొందరు ఏదో ఒక మంచి పోట్లాటలో గెలుస్తారు. గెలిచాక జాగ్రత్త. అదే పోట్లాట ప్రతి గదిలోనూ జరుగుతోందని అనిపిస్తుంది.

మాణిక్యం సార్

ఇంకో హెడ్మాస్టర్ గురించి చెప్పాలి. ఎల్దుర్తిలో నా మీద మాణిక్యం సార్ ఉండేవాడు. నోరు చెడ్డది. ఆలస్యంగా వచ్చిన టీచరును గేటు దగ్గరే తిట్టేవాడు. నాకు ఆయనంటే భయమూ ఉండేది, కోపమూ ఉండేది. మంచి అధికారి నెమ్మదిగా మాట్లాడతాడనుకునే వయసు నాది.

అక్కడ దొంగల భయంతో కంప్యూటర్లు మేడ మీది గదిలో పెట్టారు. మా క్లాసులో యాదమ్మ అనే పిల్లకు కాళ్ళు సరిగా రావు, కర్రల సాయంతో నడిచేది. మెట్లు ఎక్కలేదు. వారానికోసారి క్లాసంతా పైకి పోతే ఆమె కింద కూర్చొని అందరి సంచులూ కాపలా కాసేది. ఆ ఏర్పాటు ఎవరూ చేయలేదు, దానంతట అదే జరిగిపోయింది. ఆ పిల్ల కూడా నవ్వుతూనే ఉండేది గనుక నాకు ఏమీ తట్టలేదు.

ఒకరోజు మాణిక్యం సార్ వరండాలో పోతూ ఆగాడు.

"గా పిల్ల ఒక్కతే ఎందుకు కూసుంది?"

"మెట్లెక్కలేదు సార్. సంచులు చూస్తది" అన్నాను.

"సంచులు చూసెతందుకు పంపుతుందా అయ్యా వాళ్ళమ్మ బడికి?"

"మరి ఏం చేద్దాం సార్, ఎక్కలేదు గదా."

"పిల్ల ఎక్కకపోతె డబ్బ దిగుతది. నడువ్, పట్టు ఒక దిక్కు."

ఇద్దరం కలిసి ఒక కంప్యూటర్‌ను మెట్ల మీదుగా దించాం. ఆయన చొక్కా చెమటకు తడిసిపోయింది, దిగినంతసేపూ నన్ను తిడుతూనే ఉన్నాడు. దాన్ని తన గదిలో, తన బల్ల మీదే పెట్టించాడు. అప్పటి నుంచి ఆ గంట యాదమ్మ హెడ్మాస్టర్ గదిలో కూర్చునేది. కొన్నాళ్ళకు తోడుగా ఇంకో ఇద్దరు పిల్లలు పైకి పోవడం మాని అక్కడికే చేరారు. సంచులకు ఏమీ కాలేదు.

ఆ రోజు పాఠం నేర్చుకున్నాననుకున్నాను. నేను నేర్చుకున్నది మెట్ల గురించి మాత్రమేనని ఇవాళ తెలిసింది. మెట్లు కంటికి కనబడతాయి. చీకటి గదిలో ఒక పిల్లకు టీచరు పెదవులు కనబడకపోవడం, వెనక కూర్చుంటే తప్ప తెలియదు. నేను ముందు కుర్చీలో ఉన్నాను.

మీ పాఠ ప్రణాళికల్లో ఒక వాక్యం

'ప్రత్యేక అవసరాలున్న పిల్లలపై శ్రద్ధ చూపబడును.' మీరందరూ ఈ వాక్యం రాస్తారు. ముందటి ఏడు వాళ్ళది చూసి ఎక్కిస్తారు. మేము చదవకుండా టిక్కు పెడతాం. ఎన్ని టిక్కులు పెట్టానో నాకే తెలియదు. ఏ పిల్ల, ఏ అవసరం, ఏం శ్రద్ధ అని ఒక్కరినీ అడిగిన గుర్తు లేదు. షబానా ఆ వాక్యం రాయలేదు. దానికి కూడా ఇవాళ ఒక మార్కు కోశాను. ఆమె రాయకుండా చేసింది. మిగతావాళ్ళు చేయకుండా రాశారు. నాకు రాసింది కనబడింది.

దీన్నుంచి 'ప్యానెల్ చెడ్డది, సుద్దముక్క మంచిది' అని ఎవరూ తీసుకోకండి. ఆ మాటంటే రేగోడ్ తాళం మళ్ళీ వేసినట్టే. వీడియోకు కింద అక్షరాలుంటే లావణ్యకు అది అందరికంటే ఎక్కువ పనికొస్తుంది. చూపు తక్కువున్న పిల్లకు తెర మీద పెద్దది చేసి చూపడం సుద్దముక్కతో ఎలాగూ కాదు. ఏ వస్తువు ఎవరిని దగ్గరికి తెస్తోంది, ఎవరిని దూరం నెడుతోంది అన్నది ఆ గదిలో, ఆ రోజు చూసుకోవాలి. దానికి కొలతలు ఎవరూ రాసి పెట్టరు. మాలాంటి వాళ్ళు వచ్చి కుర్చీలో కూర్చొని ఏదో అంటాం. మేము అన్నామని మీకు తెలిసింది వదులుకోకండి. పిల్ల పేరు బయట పెట్టకుండానే "సార్, కారణం ఉంది, తర్వాత చెప్త" అనండి. మార్కులు వేసేవాడికి ఆ మాట వినే ఓపిక లేకపోతే అది వాడి లోపం.

ఇక్కడిదాకా రాసి కాగితాలు మూశాను.

తర్వాత

ఇది ఇంకో వారానికి రాస్తున్నాను.

మర్నాడు పొద్దున్నే హెడ్మాస్టర్ దగ్గరికి పోయాను. కిటికీలు మూయించవద్దని చెప్పాను.

"అరె, మీరే గద సార్ నిన్న చెప్పింది?"

"నేనే చెప్పిన. తప్పు చెప్పిన."

"పెద్దోళ్ళు మీరు. గట్ల పొద్దుకొక మాటంటె మేం పరేషాన్ గామా సార్? నేను పర్దాలకు కూడ చెప్పేసిన. నాలుగు కిటికీలకు నల్లబట్ట. షబానా వాళ్ళ నాయిన కాడనే కుట్టమన్న."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ పిల్లకు వెలుగు ఆపే పరదాలు షబానా ఇంట్లోనే కుట్టబోతున్నారు. విషయమంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాడు. అంతా విన్నాడు.

"గని సార్, కిటికీలు తెరిస్తె స్క్రీన్ మెరుస్తది. ఏం కనిపియ్యది. మిగతా పిల్లలు కూడ పిల్లలే గదా?"

ఆ మాట నిజం. "నాకు ఒక పీరియడ్ ఇయ్యుండ్రి, చూద్దాం" అన్నాను.

షబానాకు చెప్పాను: "గదే పాఠం నేను చెప్త. నువ్వు చూసి తప్పులు పట్టు."

"నేనా సార్? మీకా?"

"నాకే. నిన్న నేను అందరి ముంగట చెప్పిన. నువ్వూ అట్లనే చెప్పు."

"అట్ల చెప్ప సార్" అంది. "పక్కకు పిలిచి చెప్త. అట్లనే చెప్పాలె గదా." నాకు తగలాల్సిన చోటే తగిలింది.

ఎనిమిదో తరగతికి పోయాను. హెడ్మాస్టర్ అలవాటు ప్రకారం కిటికీ పక్కన కుర్చీ వేయించబోతే, షబానా దాన్ని తనే ఎత్తి వెనక గోడ దగ్గర పెట్టుకుంది. లావణ్య తన బెంచీలో ఉంది. ఆమె వైపు చూడకుండా అందరితో అన్నాను:

"నిన్న మీ టీచర్‌ను బద్ధకమన్న. అది తప్పు. టీచర్ చేసిందే కరెక్టు. నాకు సమజ్ గాలె. టీచర్, మాఫ్ చెయ్యాలె."

పిల్లలు నా ముఖం, షబానా ముఖం మార్చి మార్చి చూశారు. ఒకడు పక్కవాడితో గుసగుసగా "పెద్దసార్లు కూడ సారీ చెప్తరారా?" అన్నాడు. గుసగుస అందరికీ వినబడింది.

తర్వాత ప్యానెల్ ఆన్ చేశాను. అద్దం మీద ఎండ తళతళలాడింది. "ఇది పోవాలె, గది చీకటి గావద్దు. ఎట్ల?" అని అడిగాను. పిల్లలు లేచారు. ఒక్కొక్క కిటికీ మూసి, తెరిచి, తల తిప్పి చూశారు. ఎండ పడేది వెనక వైపు కిటికీ ఎడమ రెక్క నుంచి. అదొక్కటి మూస్తే చాలు. తెర స్పష్టంగా కనబడింది, గది వెలుగుగానే ఉంది. భౌతికశాస్త్రం చెప్పిన నాకు గానీ, బడి నడిపే ఆయనకు గానీ ఈ పని చేసి చూద్దామని తోచలేదు. మూయాలంటే అన్నీ మూయడమే మా అలవాటు.

గుమ్మంలోంచి హెడ్మాస్టర్ అది చూశాడు. "అయితె ఒక్క పర్దనే కుట్టమందాం" అన్నాడు షబానాతో. "నాయినకు బేరం పోయింది సార్" అంది షబానా. ఆ రెండు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి.

ఆ క్లాసులో షబానా పెట్టిన ఒక పద్ధతి ఉంది. టీచరు ముఖం కనబడకపోతే ఎవరైనా అరచెయ్యి ఎత్తొచ్చు. లావణ్య ఒక్కతే కాదు, ఎవరైనా. నేను బోర్డు వైపు తిరిగి మాట్లాడితే చాలు, చేతులు లేచేవి. ఇన్నేళ్ళ అలవాటు, నా నోరు నా వీపు వెనక కూడా మాట్లాడుతూనే ఉంది. "సార్, మొఖం! సార్, మొఖం!" అని అరుస్తూ వాళ్ళు నన్ను బాగా ఆడుకున్నారు. వీడియో మాట లేకుండా పెట్టి, ఆపి ఆపి నేనే చెప్పాను.

చివర్లో అడిగాను: "చప్పుడు చెవికే తెలుస్తదా, ఇంకెక్కడన్న తెలుస్తదా?"

కిటికీ పక్క నుంచి, కొంచెం ముద్దగా, పెద్ద గొంతుతో లావణ్య అంది:

"ఏడుపాయల జాతరల, డప్పుల దగ్గర నిలవడితె... గీడ కొడ్తది." ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది.

"నాక్కూడ సార్!" అన్నాడొకడు. "నాకు కడుపుల!" అన్నాడు ఇంకొకడు. పీరియడ్ అయిపోయేదాకా అదే మాట. ఆ పాఠానికి అంతకంటే మంచి ముగింపు నా పుస్తకాల్లో లేదు.

కానీ ఒకటి గమనించాను. నేను నేరుగా లావణ్య వైపు తిరిగి, వెలుగులో నిలబడి మాట్లాడుతున్నప్పుడు కూడా ఆమె అరచెయ్యి మాటిమాటికీ లేచింది. దగ్గరికి పోయి గట్టిగా చెప్పాను. అయినా లేచింది. ఎందుకో అర్థం కాలేదు.

గంట కొట్టాక షబానా నన్ను వరండాలోకి పిలిచింది.

"ఒక మాట చెప్త సార్. కోపం చెయ్యొద్దు."

"చెప్పమ్మా."

"మొత్తం మంచిగుంది. గని..." చేత్తో తన పై పెదవి చూపించింది. "మీసం సార్. పెదాలు కనిపిస్తలెవ్వు. మొదటిసంది లావణ్య గదే చెప్తుంది మీకు."

పరీక్ష పాఠానికి నేను రాసిన మాటలన్నీ ఆ రోజే హెడ్మాస్టర్ ముందు కొట్టేసి, చూసింది చూసినట్టు మళ్ళీ రాశాను. కళాశాలకు పోయి, ముందు ఎందుకు తప్పు రాశానో చెప్పాను. అదేమంత కష్టం కాలేదు. సాయంత్రం కటింగ్ షాపులో కూర్చోవడమే కష్టమైంది. షాపతను కత్తెర పట్టుకొని అద్దంలో నన్ను చూసి, "చివర్లు సాపు చేద్దామా సార్, ఎప్పటిలెక్క?" అన్నాడు.

"కాదు. పెదవి మొత్తం కనబడాలె."

"మీ మీసానికి నేను హాత్ పెట్టాల్నా సార్? ఇంట్ల అడిగిండ్రా?"

అడగలేదని చెప్పాను. కత్తిరించాడు. ఇంటికి పోతే మా ఆవిడ తలుపు తీసి, ఎవరు కావాలన్నట్టు చూసి, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది.

నిన్న షబానా రెండో పరీక్ష పాఠం. నేను కొంచెం ముందే పోయాను. పిల్లలు నన్ను చూసి కిసకిస నవ్వారు. కిటికీ పక్క బెంచీ దగ్గర ఆగి, వెలుగు నా ముఖం మీద పడేట్టు నిలబడి అడిగాను:

"ఈరోజు ఏం పాఠమమ్మా?"

లావణ్య నా పెదవుల వైపు చూసింది. అరచెయ్యి ఎత్తలేదు.

"కాంతి పాఠం సార్" అంది. ఆ మీదట, "గిప్పుడు ఇనొస్తుంది మీది" అంది.

షబానా లోపలికి వచ్చింది. నేను వెనక బెంచీకి పోయి, ఇద్దరు మగపిల్లల మధ్య జరగమని చోటు అడిగి కూర్చున్నాను.